ఫిర్యాదు ఏమీ లేదు

మూడోసారి కూడా ఆవిడ ఏమీ లేదనే చెప్పింది.

ఎస్సై నాగవర్ధన్ స్టేషన్‌కి తిరిగొచ్చి, టోపీ తీసి బల్ల మీద పెట్టి, కుర్చీలో కూలబడ్డాడు. మే నెల, మధ్యాహ్నం మూడు గంటలు. ఫ్యాను తిరుగుతోంది గాని వేడిగాలే కొడుతోంది.

"మూడు వారాల్లో మూడుసార్లు వందకి ఫోన్ చేసింది. మూడుసార్లూ పరిగెత్తుకెళ్లాం. వెళ్లి అడిగితే పొరపాటున చేశానంటుంది. పిలిచేదీ వాళ్లే, ఏం లేదనేదీ వాళ్లే. ఇలాంటివాళ్లకి మనమేం చెయ్యగలం చెప్పండి?"

ఆ మాట అడిగింది హెడ్ కానిస్టేబుల్ సలోమిని. కూతురి పురిటికని మూడు వారాలు సెలవు పెట్టి ఆవిడ ఆ రోజే డ్యూటీలో చేరింది. యాభై దాటిన మనిషి. సన్నగా, కాస్త వంగినట్టు ఉంటుంది. మాట మెల్లగా వస్తుంది.

వర్ధన్ అకాడమీ నుంచి మెడల్‌తో వచ్చాడు. కోనసీమలో కాలవ పక్కన ఉన్న ఈ చిన్న పట్టణంలో ప్రొబేషన్ వేశారు. చేరిన రోజు డీఎస్పీగారు పిలిచి, "ఆరు నెలలు ఆ సలోమి వెనకాల తిరుగు. అకాడమీలో చెప్పనివి కొన్ని ఆవిడ దగ్గరున్నాయి" అన్నారు. తనకంటే రెండు ర్యాంకులు కింద ఉన్న మనిషి వెనక తిరగడమేమిటని వర్ధన్ మనసు చివుక్కుమంది. స్టేషన్లో కానిస్టేబుళ్లు ఆవిణ్ణి గురువుగారనేవాళ్లు. తనూ వెటకారంగానే అలా పిలవడం మొదలుపెట్టాడు.

ఫిబ్రవరిలో ఒక సంగతి జరిగింది. చేపలపేటలో ఒకడు పట్టపగలు తాగి, పెళ్లాన్ని గదిలో పెట్టి, కత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. వర్ధన్ సైరన్ మోగించుకుంటూ ఇంటి ముందుకే వెళ్దామన్నాడు. సలోమి జీపు సందు మొదట్లోనే ఆపించింది. సైరన్ కట్టేయించి నడిచింది. గుమ్మానికి ఎదురుగా వెళ్లకుండా గోడవారన నిలబడి, "బాబూ, పొయ్యి మీద ఏదో మాడుతున్న వాసనొస్తోంది, చూడు" అంది.

అంత తాగి ఉన్నవాడూ ఆ మాటకి వెనక్కి తిరిగి పొయ్యి వైపు చూశాడు. ఆ చూసినంతసేపట్లో ఆవిడ లోపలికెళ్లి, ఆడమనిషిని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేసింది. కానిస్టేబుళ్లు అతని చేతిలో కత్తి లాక్కున్నారు.

ఆ రోజు నుంచి వర్ధన్ నోట గురువుగారన్న మాటలో వెటకారం పోయింది. ఎప్పుడు పోయిందో అతనికీ తెలీదు.

ఇప్పుడు ఆవిడ కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"ఎవరిల్లు సార్?"

"మెరక వీధిలో ఎరువుల కొట్టు సోమశేఖర్‌ది. భార్య పేరు హైమ. పిల్లల్లేరు. ఆయన చాలా మర్యాదస్తుడండీ. వెళ్లగానే కుర్చీలు వేయించాడు, మజ్జిగ ఇప్పించాడు. 'మా ఆవిడకి కాస్త కంగారెక్కువ సార్, మీకు శ్రమ ఇచ్చాం' అని నొచ్చుకున్నాడు కూడా."

"ఆవిణ్ణి ఎవరడిగారు?"

"నేనే."

"ఎక్కడ?"

"హాల్లో."

"ఆయనెక్కడున్నాడు?"

"అక్కడే, ఆవిడ పక్కనే."

సలోమి తలూపింది. వర్ధన్ ఉత్సాహంగా చెప్పుకుపోయాడు. "ఫోనొచ్చిన ఏడు నిమిషాల్లో గుమ్మం ముందున్నాం గురువుగారూ. జిల్లాలో మన స్టేషనే ఫస్టు. ఎస్పీగారు వైర్‌లెస్‌లో మెచ్చుకున్నారు."

"ఏడు నిమిషాల్లో వెళ్లారు. లోపల ఎన్ని నిమిషాలున్నారు సార్?"

వర్ధన్ ఆలోచించాడు. "అయిదారు ఉంటాయి."

"రిపోర్టు రాశారా?"

ఫైలు జరిపాడు. సలోమి కళ్లజోడు పెట్టుకుని చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది. ఫైలు మూసి బీరువాలో పెట్టి, తన పని చూసుకుంది. తను అడిగినదానికి జవాబు రాలేదని వర్ధన్‌కి కొంచెం కోపమే వచ్చింది.

మర్నాడు పొద్దున్న సీఐగారు స్టేషన్‌కి వచ్చారు. ఆయనది పెద్ద గొంతు. వర్ధన్‌కి ఆయనంటే లోపల కుతకుతలాడుతూ ఉంటుంది. కిందటి నెల చెల్లెలి నిశ్చితార్థానికని రెండు రోజులు సెలవడిగితే, పదిమంది కానిస్టేబుళ్ల ముందు అనరాని మాటలన్నారు. నిశ్చితార్థానికి వర్ధన్ వెళ్లలేదు. ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర సలోమితో చెప్పుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు కూడా. "ఈయన కింద ఇంకో నెల పనిచెయ్యడం నావల్ల కాదు" అన్నాడు.

సీఐగారు రికార్డులన్నీ చూశారు. టీ తాగారు. గదిలో అటూ ఇటూ నడిచి, మాటల మధ్యలో వర్ధన్ కుర్చీ వెనక్కి వచ్చి నిలబడ్డారు. చెయ్యి అతని భుజం మీద వేశారు.

అప్పుడు సలోమి ఒక ఫైలు పట్టుకుని వచ్చింది.

"ఎస్సైగారి ప్రొబేషన్ ఫైలండీ. ఒక కాలమ్ మిగిలిపోయింది, పూర్తి చేస్తే జిల్లా ఆఫీసుకి పంపేస్తాను" అని సీఐగారితో చెప్పి, వర్ధన్ ఎదురుగా కూర్చుని పెన్ను క్యాప్ తీసింది.

"అడుగమ్మా, అడుగు" అన్నారు సీఐగారు. భుజం మీద చెయ్యి అలాగే ఉంది.

"పై అధికారుల వల్ల మీకేమైనా ఇబ్బంది ఉందా సార్? ఉంటే దాచకుండా చెప్పండి."

వర్ధన్ ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ చాలా మామూలుగా, దయగా చూస్తోంది. వెనకనుంచి పొగాకు వాసన, సీఐగారి ఊపిరి తెలుస్తున్నాయి. భుజం మీద వేళ్లు బరువుగా కూడా లేవు. ఊరికే ఉన్నాయి.

"అబ్బే, ఏమీ లేదండీ" అన్నాడు. "సీఐగారు నన్ను ఇంట్లో పిల్లాడిలా చూసుకుంటున్నారు" అని కూడా అన్నాడు.

సీఐగారు నవ్వి, భుజం తట్టి, జీపెక్కి వెళ్లిపోయారు.

సలోమి ఇంకా పెన్ను పట్టుకునే ఉంది. కాలమ్‌లో ఫిర్యాదు ఏమీ లేదని రాసింది. తర్వాత నిన్నటి ఫైలు తెరిచి పక్కన పెట్టుకుంది. వర్ధన్ స్వహస్తాలతో రాసిన వాక్యం మీద వేలుంచి, అక్షరం అక్షరం కూడబలుక్కున్నట్టు చదివింది.

"'సదరు మహిళ తన ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా, ఫిర్యాదు ఏమీ లేదని తెలియజేసినది.'"

తలెత్తింది.

"ఇక్కడ కూడా, తన ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా అని చేర్చమంటారా సార్?"

వర్ధన్ లేచి బయటికెళ్లాడు. స్టేషన్ వెనక సీజ్ చేసిన మోటారుసైకిళ్లు తుప్పుపట్టి వరసగా పడి ఉన్నాయి. వాటి మధ్య చాలాసేపు నిలబడ్డాడు. మూడుసార్లూ హైమ ఎక్కడ నిలబడిందో, సోమశేఖర్ చెయ్యి ఎక్కడుందో ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొస్తున్నాయి. మూడోసారి ఆయన చెయ్యి ఆవిడ భుజం మీదే ఉంది. అది చూసి ఎంత ప్రేమగా ఉన్నారో అనుకున్నాడు తను.

తిరిగొచ్చి, "గురువుగారూ, వెళ్దాం పదండి" అన్నాడు.

ఆవిడ ఎక్కడికని అడగలేదు. "జీపొద్దు సార్. నడుద్దాం" అంది.

సోమశేఖర్ ఎప్పటిలాగే గుమ్మం దాకా ఎదురొచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, నుదుట విభూతి. "రండి సార్, రండి. ఇవాళ మేమెవరమూ ఫోన్ చెయ్యలేదే!" అని నవ్వాడు. కుర్చీలు వేశాడు. హైమ హాలు మూల నిలబడింది. చూపు ఆయన పాదాల మీద ఉంది.

సలోమి కూర్చోలేదు. "ఎండన పడి వచ్చాను. కాసిని మంచినీళ్లిస్తావా అమ్మా?" అంది హైమతో. హైమ వంటగదిలోకి కదిలేలోపే వెనకే నడిచింది.

"మీరు కూర్చోండి అమ్మగారూ, నేను తెస్తాను" అని సోమశేఖర్ లేచాడు.

ఆ క్షణంలో తన పనేమిటో వర్ధన్‌కి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"సోమశేఖర్‌గారూ, మిమ్మల్నొకటి అడగాలండీ. మా నాన్నకి పాతిక కొబ్బరిచెట్లున్నాయి. కాయల మీద గోధుమరంగు మచ్చలొచ్చి పిందెలన్నీ రాలిపోతున్నాయి. నల్లి అంటున్నారు. ఏం వాడమంటారు?"

సోమశేఖర్ ఒకసారి వంటగది వైపు చూశాడు. ఒకసారి వర్ధన్ వైపు చూశాడు. ఎస్సైగారు తనని సలహా అడుగుతున్నాడు. కూర్చున్నాడు.

"పైన పిచికారీ కొడితే ఏం లాభం లేదు సార్. వేరు ద్వారా ఎక్కించాలి మందు" అని మొదలుపెట్టాడు.

వర్ధన్ ఇరవై నిమిషాలపాటు కొబ్బరినల్లి గురించి విన్నాడు. వేరు ఎంత లావుండాలి, ఎలా ఏటవాలుగా కొయ్యాలి, మందు తాగాక ఎన్నాళ్లు కాయలు దించకూడదు, అన్నీ అడిగాడు. మధ్యమధ్య సోమశేఖర్ చూపు వంటగది తెర వైపు పోయినప్పుడల్లా ఇంకో ప్రశ్న వేశాడు. తెర కింద నుంచి సలోమి కాళ్లు కనిపిస్తున్నాయి. నేల మీద కూర్చుని ఉంది.

బయటికొచ్చి వీధి మలుపు తిరగ్గానే ఆత్రంగా అడిగాడు. "ఏమంది?"

"ఏమీ అనలేదు సార్."

"ఇరవై నిమిషాలూ?"

"గోంగూర ఒలిచాం."

వర్ధన్ నీరుగారిపోయాడు. నాలుగడుగులు వేశాక సలోమే అంది. "నీళ్లు కుడిచేత్తో ఇవ్వబోయింది. గ్లాసు బరువుకి మణికట్టు నిలవలేదు. ఎడమ చేతికి మార్చుకుంది. ఆకంతా ఎడమచేత్తోనే ఒలిచింది."

వర్ధన్ అక్కడే ఆగిపోయాడు. "అయితే పదండి, వెనక్కెళ్లి ఇప్పుడే వాణ్ణి స్టేషన్‌కి లాక్కొద్దాం."

"ఎలా తగిలిందని అడిగితే బాత్రూములో జారిపడ్డానంటుంది సార్. ఆయన సాయంత్రానికి ఇంటికొచ్చేస్తాడు. అప్పుడు?"

వర్ధన్ మళ్లీ నడవడం మొదలుపెట్టాడు.

మర్నాడు పదకొండు గంటలకి సలోమి ఒక పాయింట్ పుస్తకం సంచిలో పెట్టుకుని బయల్దేరింది. గస్తీకొచ్చిన పోలీసులు వచ్చామని సంతకం చెయ్యడానికి బ్యాంకుల దగ్గరా, గుళ్ల దగ్గరా తగిలించే పుస్తకం అది. ఇంటివాళ్లు కూడా పక్కన సంతకం చేస్తారు.

"ఈ వీధిలో పగటి దొంగతనాలు జరక్కుండా రోజూ గస్తీ వేశామండీ. పుస్తకం ఎవరింట్లో పెట్టాలా అని చూశాం. వీధిలో నలుగురూ గౌరవించే ఇల్లు మీదే కదా" అంది సోమశేఖర్‌తో.

వీధి జనం వింటున్నారు. సోమశేఖర్ కాస్త నిటారుగా నిలబడ్డాడు. "అదెంత భాగ్యం! పెట్టండి" అన్నాడు. వరండాలో మేకు కూడా ఆయనే కొట్టాడు.

ఆ రోజునుంచి ఇద్దరూ రోజూ వెళ్లారు. స్టేషన్లో ఎంత పనున్నా పదకొండయ్యేసరికి సలోమి సంచి తగిలించుకునేది. సీఐగారు ఒకసారి, "మెరక వీధికి దొంగలు కూడా రారమ్మా, రోజూ ఏం గస్తీ?" అని అరిచారు. "అవునండీ" అంది ఆవిడ. మర్నాడూ వెళ్లింది.

మొదట్లో సోమశేఖర్ కొట్టుకి వెళ్లకుండా ఇంట్లోనే ఉండేవాడు. తనే తలుపు తీసేవాడు, తనే సంతకం పెట్టేవాడు. సలోమి రోజూ మంచినీళ్లడిగేది. నాలుగోరోజుకి వరండాలో బల్ల మీద చెంబు, గ్లాసు ముందే సిద్ధంగా ఉన్నాయి. ఇక లోపలికెళ్లే సాకు లేకుండాపోయింది. సలోమి తీరుబడిగా గ్లాసుడు నీళ్లూ తాగి, "ఏమనుకోకండి బాబూ, షుగరు మనిషిని. ఒకసారి లోపలికి వెళ్లాలి" అని పెరటి వైపు నడిచింది. దాన్ని ఆయన కాదనలేకపోయాడు.

పెరట్లో హైమ ఎడమచేత్తోనే బట్టలు పిండుతోంది. సలోమి దుప్పటి రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ పిండి తీగ మీద ఆరేశారు. అంతే. ఆ రోజు జరిగింది అదే.

ఎనిమిదోరోజు తలుపు హైమ తీసింది. ఎరువులు దింపే లారీ వచ్చిందని సోమశేఖర్ కొట్టుకి వెళ్లాడు. సలోమి లోపలికి వెళ్లింది. వర్ధన్ గేటు దగ్గరే ఆగిపోయాడు. యూనిఫారంలో మగవాడు గుమ్మంలో నిలబడితే ఆవిడకి ఎలా ఉంటుందో ఆలోచించాడు. ఇంటికి వీపు తిప్పి, వీధి వైపు మొహం పెట్టి నిలబడ్డాడు. సోమశేఖర్ బండి వస్తే ముందు తనకే కనిపిస్తుంది.

ఆ తర్వాత సోమశేఖర్ మళ్లీ రోజూ కొట్టుకి వెళ్లసాగాడు. గేటు దగ్గరే వర్ధన్ చోటు. అక్కడ నీడ లేదు. చొక్కా వీపుకి అంటుకుపోయేది. వీధిలో పోయేవాళ్లు, "ఎవరికోసం సార్?" అని పలకరించేవాళ్లు. "గస్తీ అండీ" అనేవాడు. లోపలనుంచి ఒకరోజు రుబ్బుడు చప్పుడు, ఒకరోజు సలోమి మనవడి కబుర్లు వినిపించేవి. హైమ గొంతు వినిపించేది కాదు.

పన్నెండోరోజు వర్ధన్ ఓపిక చచ్చిపోయింది. "ఇంకెన్నాళ్లు గురువుగారూ ఇలాగ?" అన్నాడు.

"ఎండగా ఉంటే గొడుగు తెచ్చుకోండి సార్" అంది సలోమి.

పదమూడోరోజు వర్ధన్ గొడుగు తెచ్చుకున్నాడు.

పంతొమ్మిదోరోజు అతను గేటు దగ్గర గొడుగేసుకుని నిలబడి ఉండగా వెనక నుంచి, "సార్" అని వినిపించింది. అంత సన్నని గొంతు ఎవరిదా అని తిరిగి చూశాడు. హైమ గుమ్మం దాటి మెట్టు మీదికి వచ్చి నిలబడింది. మొహానికి ఎండ తగిలి కళ్లు చికిలిస్తోంది.

"ఇవాళ చెబుతాను. రాసుకుంటారా?"

వర్ధన్ టోపీ, గొడుగు వరండాలో వదిలి లోపలికి వెళ్లాడు. కుర్చీ ఉన్నా, వాళ్లిద్దరూ కూర్చున్నట్టే నేల మీద కూర్చున్నాడు. సలోమి కిటికీ దగ్గరికి జరిగి వీధి కనిపించేలా కూర్చుంది.

హైమ చెప్పింది. తొమ్మిదేళ్లవి చెప్పింది. ఏడవలేదు. ఒక్కోసారి ఆగిపోయేది. వర్ధన్ ఆ తర్వాత ఏమైందని అడగలేదు. పెన్ను కాగితం మీదే ఉంచి ఎదురుచూశాడు. ఆవిడ చేతికి ఫోనుండదు. కొట్టు ఫోను ఆయన హాల్లో మరిచిపోయి స్నానానికి వెళ్లినప్పుడల్లా వందకి చేసింది.

"మరి మేం వచ్చి అడిగినప్పుడు..." అని వర్ధన్ ఆగిపోయాడు.

"మొదటిసారి మీరు ఏమైనా ఫిర్యాదు ఉందా అని అడిగారు కదా సార్. నేను లేదన్నాను. మీరు వెళ్లాక ఆయన తలుపేసి అడిగారు. లేదని చెప్పడానికి అంతసేపు ఎందుకు పట్టిందీ, ఏం ఆలోచించావూ అని." హైమ కుడి మణికట్టు ఎడమచేత్తో పట్టుకుంది. "రెండోసారి తొందరగా చెప్పాను. ఎస్సైతో అంత తొందరగా మాట్లాడతావా అన్నారు. చెయ్యి విరిచింది మూడోసారి మీరొచ్చి వెళ్లాక."

వర్ధన్ పెన్ను ఆగిపోయింది. కిటికీ దగ్గర సలోమి వీధిలోకే చూస్తోంది. ఇటు తిరగలేదు.

కాసేపటికి వర్ధన్ మళ్లీ రాయడం మొదలుపెట్టాడు. ఆవిడ చెప్పిన మాట చెప్పినట్టే రాశాడు. విచారణకు వచ్చిన ప్రొబేషనరీ ఎస్సై నాగవర్ధన్ నన్ను నా భర్త ఎదుటనే ప్రశ్నించినాడు, అని కూడా రాశాడు. మొత్తం ఆవిడకి చదివి వినిపించాడు. ఆవిడ ఎడమచేత్తో మెల్లగా సంతకం చేసింది.

"ఇప్పుడు నాతో వచ్చేస్తావా అమ్మా, ఆయన ఇంటికి రాకముందే?" అంది సలోమి.

హైమ లోపలికెళ్లి ఒక సంచి తెచ్చింది. అది ఎప్పుడో సర్ది పెట్టుకున్నదే. బియ్యం డబ్బా వెనక నుంచి తీసింది.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. మణికట్టు ఎముక విరిగి వంకరగా అతుక్కుంటోందన్నారు డాక్టరుగారు. సలోమి ఆవిణ్ణి ఆడవాళ్ల సహాయ కేంద్రంలో దింపి, ఆ రాత్రికి అక్కడే పక్కన పడుకుంది. వర్ధన్ నలుగురు కానిస్టేబుళ్లతో ఎరువుల కొట్టుకి వెళ్లాడు.

సోమశేఖర్ మొహంలో మర్యాద చెదరలేదు. "ఏంటి సార్ ఇది? మా ఇంట్లో మజ్జిగ తాగిన మనిషి మీరు!"

"తాగానండీ" అన్నాడు వర్ధన్. "జీపెక్కండి."

మర్నాడు వాంగ్మూలం చదివిన సీఐగారు స్టేషన్‌కొచ్చి వర్ధన్‌ని గదిలోకి పిలిచారు. కాగితం ఊపుతూ, "ఏమయ్యా, నీ తప్పు నువ్వే రాసుకున్నావు? రేపు కోర్టులో వాళ్ల ప్లీడరు నిన్ను ఉతికేస్తాడు. ఆ ముక్క తీసి మళ్లీ రాయి" అని అరిచారు. గది బయట కానిస్టేబుళ్లు చెవులప్పగించి వింటున్నారు.

వర్ధన్ ఆయన కళ్లలోకి చూశాడు.

"ఆవిడ చెప్పింది అదే సార్. జరిగిందీ అదే. తియ్యను."

సీఐగారు అతన్ని ఎగాదిగా చూశారు. కాగితం బల్ల మీదికి విసిరారు. కానీ తీయించలేదు.

బయట సలోమి జనరల్ డైరీ రాసుకుంటోంది. అతను వచ్చేసరికి ఫ్లాస్కులో టీ రెండు గ్లాసుల్లో పోసి, ఒకటి అతని వైపు జరిపింది.

హైమ తునిలో వాళ్ల అక్క దగ్గరికి వెళ్లిపోయింది. సోమశేఖర్ ఆ గుమ్మం తొక్కకూడదని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. ముఖ్యమైన కేసు ఇంకా వాయిదాల మీద నడుస్తోంది. హైమ ప్రతి వాయిదాకీ వస్తోంది. చేతికి కట్టు విప్పాక అక్కడ ఒక బడిలో గుమస్తాగా చేరిందని, కుడిచేత్తోనే రాస్తోందని సలోమికి ఫోన్ చేసి చెప్పింది.

ఆగస్టులో వర్ధన్ ప్రొబేషన్ అయిపోయింది. పక్క సబ్‌డివిజన్‌లో స్టేషన్ ఇచ్చారు. వెళ్లే రోజు వాన కురుస్తోంది. పెట్టె జీపులో పెట్టించి, సలోమి ఎక్కడుందా అని చూశాడు. ఆవిడ రైన్‌కోటు వేసుకుని, సంచి తగిలించుకుని, ఎక్కడికో బయల్దేరుతోంది. వేరే వీధిలో ఇంకో వరండాలో ఇంకో పాయింట్ పుస్తకం పెట్టిందట.

ఆవిడ అతన్ని చూసి సెల్యూట్ చెయ్యబోయింది. అంతకంటే ముందే వర్ధన్ మడమలు దగ్గరికి చేర్చి, తనే సెల్యూట్ చేశాడు. స్టేషనంతా చూస్తూండిపోయింది.

"ఊరుకోండి సార్, బాగుండదు" అంది ఆవిడ సిగ్గుపడి.

"ఒక్కటి అడగాలి గురువుగారూ. ఎప్పట్నుంచో అడగాలనుకుంటున్నాను." వాన చప్పుడులో గొంతు పెంచాల్సి వచ్చింది. "పంతొమ్మిదోరోజు హైమగారు నోరు విప్పుతారని మీకు ముందే తెలుసా?"

సలోమి రైన్‌కోటు టోపీ తల మీదికి లాక్కుంది.

"తెలిస్తే ఆ ఒక్కరోజే వెళ్లేదాన్ని కదా సార్" అని, వానలోకి దిగింది.